స్నేర్ డ్రమ్మూ, నా ఎడమ చెయ్యీ

మా చర్చిలో డ్రమ్స్ వాయించేది నేనే. పాతబస్తీ ఛత్రినాకలో ఒక గల్లీ చివర రేకుల కప్పు కింద ఉంటుంది మా చర్చి. పెళ్లై ఈ ఇంటికి వచ్చిన రెండో ఏడు, అప్పటిదాకా వాయించే అతను ఉద్యోగం కోసం వేరే ఊరు వెళ్లిపోయాడు. "ఎవరికైనా వచ్చా?" అని పాస్టరు అయ్యగారు ఆరాధన అయ్యాక అందరినీ అడిగారు. హాస్టల్లో చదివే రోజుల్లో పరేడ్‌కు సైడ్ డ్రమ్ కొట్టేదాన్ని. చెయ్యెత్తాను. పక్కనే కూర్చున్న మా అత్త నా చెయ్యి పట్టుకుని కిందికి లాగింది. అప్పటికే అయ్యగారు చూసేశారు. అలా మొదలైంది. ఇప్పటికి ఇరవై ఏళ్లు దాటింది. మా అత్త కూడా ఆఖరి రోజుల్లో ముందు వరసలో కూర్చుని, కొత్తగా వచ్చినవాళ్లకు "గా డ్రమ్ములు కొట్టేది మా కోడలే" అని చెప్పేది.

మిగతా వారమంతా నేను బస్తీ ఆరోగ్య కేంద్రంలో నర్సును. పసిపిల్లలకు టీకాలు వేస్తాను, బీపీలు చూస్తాను, రిజిస్టర్లు రాస్తాను. మా ఆయన సిటీ బస్సుల డిపోలో మెకానిక్. ఆయనకు పాట పట్టదు. ఆదివారం చర్చిలో కూర్చుంటాడు కానీ, ఫ్యాన్ ఏ బేరింగ్ అరిగి చప్పుడు చేస్తుందో వింటూ ఉంటాడు.

పోయిన వేసవిలో ఒక శనివారం సాయంత్రం పాటల ప్రాక్టీసు జరుగుతోంది. పాటలు నడిపించే అమ్మాయి, నాకంటే పదేళ్లు చిన్నది, పాట ఆపి నా దగ్గరికి వచ్చింది. మిగతావాళ్లకు వినపడకుండా గొంతు తగ్గించి అడిగింది.

"అక్కా, ఏమనుకోకు. మెల్లగ కొట్టే పాటల నీ దెబ్బ రెండుసార్లు పడ్డట్టు వినపడుతుంది. మాకు తాళం దొరుకతలేదు."

"ఎండకు అలసిపోయిన. రేపు సరిగ్గ కొడత" అన్నాను.

అది అబద్ధం. ఆమె చెప్పిన సంగతి నాకు మూడు నెలలుగా తెలుసు.

ఆ సంగతి అర్థం కావాలంటే స్నేర్ గురించి కొంచెం చెప్పాలి. డ్రమ్ సెట్‌లో వాయించేవాళ్ల మోకాళ్ల మధ్య ఉండే బెత్తెడు లోతు డ్రమ్మే స్నేర్. దాని అడుగున సన్నటి మెలి తీగల పట్టీ ఒకటి ఆనుకుని ఉంటుంది. పైన కొడితే కింద ఆ తీగలు అదిరి చర్రుమంటాయి. పాటకు నడక ఇచ్చేది ఆ చప్పుడే. పక్కనున్న మీటతో పట్టీని బిగించవచ్చు, వదలవచ్చు. నా కుడి చెయ్యి ఎప్పుడూ హై-హ్యాట్ మీద, అంటే స్టాండుకు బిగించిన రెండు ఇత్తడి పళ్లేల మీద ఆడుతూ ఉంటుంది. స్నేర్ మొత్తం ఎడమ చేతిదే.

ఆ ఎడమ చేతి దెబ్బ చెడింది. గట్టిగా కొడితే బాగానే ఉండేది. ప్రార్థనకు ముందు పాడే నెమ్మది పాటల్లో, పుల్లను వేలెడు ఎత్తు నుంచి వదిలినట్టు కొట్టాల్సిన చోట, ఒక దెబ్బకు వెనకే ఇంకో చిన్న దెబ్బ తోకలా పడేది. నేను ఒక్కసారే కొట్టేదాన్ని. చెవికి రెండు వినిపించేవి.

మా అమ్మకు కూడా ఎడమ చేతితోనే మొదలైంది. బియ్యంలో రాళ్లు ఏరేటప్పుడు బొటనవేలూ చూపుడువేలూ వాటంతటవే కదిలేవి, కనపడని పూసను దొర్లిస్తున్నట్టు. అప్పుడామెకు ఇప్పటి నా వయసే. ఆ చేతిని కొంగులో చుట్టుకునేది. ఎందుకమ్మా అంటే "చలి పెడుతుందే" అనేది. మే నెలలో అనేది. తర్వాత గ్లాసు పట్టుకోలేకపోయింది, ఆ తర్వాత జాకెట్ హుక్సు పెట్టుకోలేకపోయింది. నర్సింగ్ చదువుతున్నప్పుడు పుస్తకంలో మెల్లగా ఒళ్లంతా వణికించే ఆ నరాల రోగం పేరు, ఆ వేళ్ల కదలిక గురించి చదివి, పుస్తకం మూసేశాను.

అందుకే నా చేతికి నేను రోజూ పరీక్ష పెట్టుకునేదాన్ని. సిరంజి పట్టుకుంటే వణికేది కాదు. సూదిలో దారం ఎక్కించేదాన్ని. నిండు గ్లాసు పట్టుకుని వంటింట్లో నిలబడేదాన్ని. ఏమీ లేదు. ఆదివారం వచ్చేసరికి మళ్లీ ఆ తోక. మొదట్లో ఏదో ఒక పనిలోనే బయటపడుతుంది, తర్వాత మిగతావాటికి పాకుతుంది అని నాకు నేనే చెప్పుకున్నాను. వేరేవాళ్లకైతే "ముందు పోయి డాక్టరుకు చూపించుకో" అని కసిరేదాన్ని. నేను మాత్రం వెళ్లలేదు. చూపిస్తే దానికి పేరు పెడతారు. ఇంట్లో ఎవరికీ చెప్పలేదు.

ఆ రోజుల్లోనే చర్చి పెద్దలు కొత్త డ్రమ్ సెట్ తీసుకుందామని తీర్మానించారు. పాతదానిలో కాలితో కొట్టే పెద్ద బేస్ డ్రమ్ చెక్క నిలువునా చీలింది, స్టాండ్లు పాట మధ్యలో జారిపోతున్నాయి. అయ్యగారు నన్ను పిలిచి, "ఇరవై ఏండ్ల నుంచి వాయిస్తున్నవమ్మా, నీకు తెలిసినంత మాకెవరికి తెలుసు? నువ్వే చూసి తీసుకురా" అన్నారు.

సరేనన్నాను. మనసులో మాత్రం వేరే లెక్క వేసుకున్నాను. కొత్త సెట్ తెస్తాను, చర్చి వార్షికోత్సవం దాకా ఎలాగో వాయిస్తాను, తర్వాత చేతులు నొస్తున్నాయని చెప్పి ఎవరికైనా అప్పజెబుతాను. కాబట్టి ఆ సెట్ నా కోసం కాదు. నా తర్వాత వచ్చే మనిషి ఎవరో, ఆ మనిషి చేతులకు.

మా ఆయన వారపు సెలవు రోజున స్కూటర్ మీద కొత్త సిటీ వైపు ఒక పెద్ద మ్యూజిక్ షాపుకు వెళ్లాం. ఏసీ, అద్దాలు, వరసగా మెరుస్తున్న సెట్లు. సేల్స్ అతను ఒక స్టీల్ స్నేర్ ముందు నన్ను కూర్చోబెట్టి పుల్లలు చేతికిచ్చాడు. "వాయించండి మేడమ్" అని అక్కడే నిలబడ్డాడు. మెల్లగా కొట్టడానికి నాకు ధైర్యం చాలలేదు. ఆ తోక అక్కడ కూడా వినిపిస్తే? భుజం ఎత్తి గట్టిగా నాలుగు దెబ్బలు కొట్టాను. షాపులో వాళ్లంతా తిరిగి చూశారు.

"బాగుంది. ఎవరు కొట్టినా పలుకుతుంది. ఇదే తీసుకుందాం" అన్నాను.

మా ఆయన నా వైపు వింతగా చూశాడు. "నువ్వు గట్ల కొట్టవు గద?" అన్నాడు.

పాట పట్టదనుకున్న మనిషి ఆ మాట అనేసరికి చేతిలో పుల్లలు కింద పెట్టేశాను. "కొత్తది కద, గట్టిగ కొట్టి చూడాలె" అన్నాను. ఆయన నమ్మినట్టు లేదు. సేల్స్ అతనితో మళ్లీ వస్తామని చెప్పి బయటికి నడిచాడు. స్కూటర్ తీస్తూ, "మొఘల్‌పురల ఒక పెద్దమనిషి ఉన్నడు. పెండ్లి బ్యాండోళ్ల డ్రమ్ములన్ని ఆయనే రిపేర్ చేస్తడు. మా డిపోల ఒకాయన చెప్పిండు. హోటళ్ల ఆర్కెస్ట్రాలు బందైతే వాళ్ల సెట్లు గూడ కొని పెడ్తడట. ఆడ చూసినంకనే ఏదన్న తీసుకుందాం" అన్నాడు.

మరుసటి వారం సెలవు రోజున వెళ్లాం. పాత స్నేర్ మార్పిడికి ఇద్దామని గోనెసంచిలో కట్టి నా ఒళ్లో పెట్టుకున్నాను. ఆ పెద్దమనిషి దుకాణం ఒక ఇరుకు ఇంటి ముందు గది. గోడలకు డ్రమ్ముల డొల్లలు, అంచులకు బిగించే రిమ్ములు వేలాడుతున్నాయి. ఆయనకు తెల్ల గడ్డం, ముక్కు మీదికి జారిన కళ్లద్దాలు, పైజామా మోకాళ్ల మీద రంపపు పొట్టు. మా ఆయన "చాచా" అని పలకరించి వచ్చిన పని చెప్పాడు. ఎవరు వాయిస్తారని ఆయన అడిగాడు. మా ఆయన నన్ను చూపించాడు. చాచా ఏమీ ఆశ్చర్యపోలేదు.

"ఆవో బేటీ. ముందుగాల నీది నువ్వు కొట్టు. నీ చెయ్యి చూడకుండ నేను ఏం చూపియ్యాలె?"

"పాతది చాచా, అది మార్పిడికి తెచ్చిన. కొత్తవి చూపియ్యి."

"చూపిస్త. ముందు ఇది కొట్టు."

సంచి విప్పక తప్పలేదు. స్టూలు మీద పెట్టి నాలుగు గట్టి దెబ్బలు కొట్టాను. ఆయన తల అడ్డంగా ఊపాడు.

"గట్ల అందరు కొడ్తరు. ఆహిస్తా. మెల్లగ కొట్టు."

మా ఆయన పక్కనే ఉన్నాడు. తప్పించుకునే దారి లేదు. పుల్లను వేలెడు ఎత్తు నుంచి వదిలాను. ఒక దెబ్బ, వెనకే తోక. మళ్లీ కొట్టాను. మళ్లీ తోక. చాచా కళ్లు మూసుకుని వింటున్నాడు. కళ్లు తెరిచి నా కుడి చేతి వైపు చూపించాడు.

"ఇప్పుడు గా చేత్తోని కొట్టు."

పుల్ల చెయ్యి మార్చుకున్నాను. కుడి చేత్తో, అదే ఎత్తు నుంచి, అంతే మెల్లగా వదిలాను.

ఒక దెబ్బ. వెనకే తోక.

ఇంకోసారి కొట్టాను. అదే తోక. మళ్లీ మళ్లీ కొట్టాను. నా కుడి చేతికి ఏదైనా రోగం ఉందని నేను ఎప్పుడూ అనుకోలేదు. ఆ చెయ్యి కొట్టినా అదే చప్పుడు.

"హాత్ బిల్కుల్ ఠీక్ హై" అన్నాడు చాచా. "నీ చెయ్యి మంచిగున్నది బేటీ. బీమారి డ్రమ్ముకు."

డ్రమ్మును తీసుకుని బోర్లించాడు. అడుగున తీగల పట్టీ చూపించాడు. మూడు తీగలు వంగి, మిగతావాటికి దూరంగా వేలాడుతున్నాయి. మీటను పైకెత్తి, వేలితో డ్రమ్ము స్కిన్ మీద, అంటే బిగించిన పొర మీద, తట్టుతూ ఉండమన్నాడు నాకు. తట్టిన కొద్దీ మీట వెంట్రుకవాసి వెంట్రుకవాసి కిందికి జారింది. పట్టీ వదులైంది. గట్టిగా కొడితే అసలు దెబ్బ ఆ రొదను మింగేస్తుందట. మెల్లగా కొడితే వదులైన తీగలు వెనకబడి ఇంకోసారి స్కిన్‌ను తాకుతాయట. అదే ఆ రెండో దెబ్బ.

మా ఆయన వంగి మీటను చూశాడు. గోరుతో గీకాడు. "లోపట పండ్లు అరిగిపోయినయ్" అన్నాడు.

నేను పుల్లలు కింద పెట్టి కొంగుతో ముఖం కప్పుకున్నాను. ఏడుపు అలా వస్తుందని నాకే తెలియదు. చాచా కంగారుపడి లోపలికి కేకేసి నీళ్లు తెప్పించాడు. "అరె, ఫికర్ ఏంది బేటీ? చిన్న రిపేర్ ఇది" అన్నాడు. ఆయన డ్రమ్ము గురించి ఏడుస్తున్నాననుకున్నాడు. మా ఆయన నీళ్ల గ్లాసు అందుకుని నాకిచ్చాడు.

నీళ్లు తాగి, ముఖం తుడుచుకున్నాక, నాకు ఒక్కసారిగా స్నేర్లన్నీ కనిపించాయి. అప్పటిదాకా ఆ గదిలో అవి ఉన్నాయన్న స్పృహ కూడా లేదు. "చాచా, ఇగ చూపియ్యి" అన్నాను.

మూడు ముందు పెట్టాడు. ఒకటి స్టీలుది, షాపులో చూసినదాని లాంటిదే. రెండోది లోతైన చెక్కది, బరువు. మూడోది సన్నటి చెక్కది, మెరూన్ రంగు అక్కడక్కడ వెలిసిపోయింది. ఏదో హోటల్ ఆర్కెస్ట్రాలో వాయించినదట. చర్చి ఎంతుంటుంది, కప్పు ఏంది, మైకులు ఉన్నాయా అని అడిగాడు. చెప్పాను.

"రేకుల కింద స్టీల్ వద్దు బేటీ. చెవులు పోతయ్."

మా ఆయన రెండోదాన్ని ఎత్తి చూశాడు. "గిది మజ్బూత్ ఉంది. ఏండ్లు నడుస్తది."

మూడోదాని ముందు కూర్చున్నాను. పుల్లను వేలెడు ఎత్తు నుంచి వదిలాను. పక్కింటివాళ్లు తలుపు మీద వేలితో తట్టినట్టు, ఒక్కటే, పొడిగా, శుభ్రంగా వినిపించింది. తోక లేదు. ఇంకా మెల్లగా కొట్టాను. ఇంకా మెల్లగా. ఎంత తగ్గించినా పలికింది. తర్వాత నెమ్మది పాట ఒకటి మనసులో పాడుకుంటూ ఎడమ చేతిని దాని ఇష్టానికి వదిలేశాను. ఎంతసేపు వాయించానో తెలియదు. లోపలి గదిలో పని చేస్తున్న చాచా పనివాళ్లు సుత్తులు ఆపి విన్నారు.

"ఇదే. నాకు ఇదే కావాలె" అన్నాను. 'నాకు' అన్న మాట నోట్లోంచి వచ్చాక గమనించాను.

ఆ తర్వాత మిగతా సరంజామా. అదే ఆర్కెస్ట్రా సెట్‌లోని బేస్ డ్రమ్ము, దాని మీద బిగించే రెండు చిన్న టామ్ డ్రమ్ములు తీసుకున్నాం. హై-హ్యాట్ పళ్లేల అంచు చుట్టూ చాచా గోరు నడిపించి చూసుకోమన్నాడు, వెంట్రుకంత పగులున్నా గోటికి తగులుతుందని. ఒక జత అలాగే పక్కన పెట్టేశాం. పుల్లల దగ్గర ఆయన నా మణికట్టు చూసి, నేను వాడేవి మరీ లావని సన్నవి ఇచ్చాడు. కాలితో తొక్కే పెడల్, స్టాండ్ల దగ్గరికి వచ్చేసరికి మా ఆయన రంగంలోకి దిగాడు. నేల మీద గొంతుక్కూర్చుని ప్రతి బోల్టూ తిప్పి చూశాడు. ఒక పెడల్ స్ప్రింగు నచ్చక వెనక్కిచ్చాడు. ఇంకోదానికి ఏ నూనె వేయాలో చాచాకే చెప్పబోయాడు. ఇద్దరూ దాని మీద కాసేపు వాదించుకున్నారు.

"కూసునేది ఏది?" అని మా ఆయన అడిగాడు.

"చర్చిల ప్లాస్టిక్ కుర్చీ ఉంది కద" అన్నాను.

"ఇరవై ఏండ్ల సంది గా కుర్చీ మీద పాత పాటల పుస్తకాలు పెట్టుకొని కూసుంటున్నవ్. నేను చూస్తలేననుకున్నవా?" అని, గుండ్రటి స్టూలు ఒకటి తీయించాడు. ఎత్తు మార్చుకునేది. నన్ను కూర్చోబెట్టి, మోకాలి కింద చెయ్యి పెట్టి చూసి, తానే బిగించాడు.

పాత స్నేర్ చాచాకే వదిలేశాను. దాని మీద కోపం ఏమీ రాలేదు.

సామానంతా ట్రాలీ ఆటోలో ఎక్కించి చర్చికి పంపాక, దారిలో ఒక ఇరానీ హోటల్ ముందు మా ఆయన స్కూటర్ ఆపాడు. చాయ్ వచ్చింది. "ఇప్పుడు చెప్పు" అన్నాడు. అంతా చెప్పాను. అమ్మ చెయ్యి, పుస్తకంలో చదివినది, నీళ్ల గ్లాసు పట్టుకుని వంటింట్లో నిలబడటం, వార్షికోత్సవం తర్వాత మానేద్దామనుకోవడం. ఆయన చాయ్ తాగకుండా విన్నాడు.

"మూడు నెలలు నాతోని చెప్పలే నువ్వు."

"భయమైంది."

"బస్సు మంచిగ నడుస్తలేదని డ్రైవర్ చెప్తే, మేము డ్రైవర్ చెయ్యి చూస్తమా, బండి చూస్తమా? ఒక్క మాట చెప్తే నేను గా డ్రమ్ము ఇప్పి చూద్దును గద." మళ్లీ తనే అన్నాడు. "చెప్పకపోయినా చూడాల్సింది. ఊకె ఫ్యాన్లు, మోటర్లు వింట కూసుంట. నా ముంగటే గా చప్పుడు పెట్టుకొని వినలే నేను."

ఇంటికి పోదామని లేచాను. ఆయన లేవలేదు.

"డ్రమ్ముకు చాచా చూసిండు. చేతికి డాక్టర్ చూడాలె. సోమవారం పోతున్నం."

"చెయ్యి మంచిగుందని తెలిసిపాయె కద?"

"గది డాక్టర్ చెప్పాలె. మీ అమ్మకు ఉండె కదా."

సోమవారం సెలవు పెట్టి పెద్దాసుపత్రికి వెళ్లాం. నరాల డాక్టరు చిన్న వయసు అమ్మాయి. వేళ్లు టకటకా కలపమంది, చేతులు చాపమంది, వరండాలో ఆ చివరిదాకా నడిచి రమ్మంది. కాగితం మీద శంఖంలా చుట్లు గీయమంది. ఇంకేమైనా పనులు చేస్తారా అని అడిగింది. డ్రమ్స్ వాయిస్తానన్నాను. ఆమె రాయడం ఆపి తలెత్తింది. "టేబుల్ మీద వాయించండి, చూస్తాను" అంది. రెండు చేతులతో వాయించాను. కాసేపు చేతులు చూసింది, తర్వాత చూడటం మానేసి తల ఊపుతూ వింది.

"ఇప్పుడైతే మీకు అలాంటిదేమీ లేదు. మీ అమ్మగారికి ఉందని మీకూ వస్తుందనేం లేదు. ఏదైనా తేడా అనిపిస్తే మాత్రం దాచుకోకుండా వెంటనే రండి. నర్సు మీరు, మీకు చెప్పాలా?" అంది.

చెప్పాల్సి వచ్చిందని మా ఆయన నా పక్కన గొణిగాడు.

బయటికి వచ్చాక ఆసుపత్రి మెట్ల మీద కూర్చుండిపోయాను. ఒళ్లంతా తేలికగా ఉంది. అమ్మ గుర్తొచ్చింది. ఆమెను ఇలా వెంటబెట్టుకుని తీసుకెళ్లినవాళ్లు ఎవరూ లేరు. కొంగులో చెయ్యి చుట్టుకుని ఎన్నాళ్లు ఒక్కతే మోసిందో. ఆ బాధ ఉంది. దాని పక్కనే, ఎంత సిగ్గనిపించినా, నాకు ఆకలి కూడా వేసింది. ఎదురుగా బండి మీద ఇడ్లీలు తిన్నాం. నేను రెండు ప్లేట్లు తిన్నాను.

ఆ శనివారం ప్రాక్టీసుకు ముందే సెట్ బిగించడానికి మేమిద్దరం చర్చికి వెళ్లాం. నేల మీద సెట్ జారకుండా మా ఆయన పాతసామాను దుకాణం నుంచి బస్సుల్లో పరిచే రబ్బరు చాప ముక్క కొనుక్కొచ్చాడు. దాన్ని పరిచి, స్టాండ్లు నిలబెట్టి, పెడల్‌కు తాను అనుకున్న నూనే వేశాడు. అన్నీ అయ్యాక బట్టతో చేతులు తుడుచుకుంటూ సెట్ వైపే చూస్తూ నిలబడ్డాడు.

"ఒక్కపారి నేను కొట్టి చూడనా?" అన్నాడు.

పెళ్లైనప్పటి నుంచి ఎన్నడూ అడగని మనిషి. లేచి స్టూలు ఇచ్చాను. పుల్లలు స్పానర్ పట్టుకున్నట్టు పిడికిట్లో పట్టుకున్నాడు. కుడి చెయ్యి ఒక చోట, ఎడమ చెయ్యి ఇంకో చోట, కాలు తనకు తోచినప్పుడు. చేతికీ కాలికీ పొంతన లేదు. ముఖం మాత్రం ఇంజన్ విప్పేటప్పుడు ఉన్నంత గంభీరంగా ఉంది. నేను నవ్వడం మొదలుపెట్టాను. "ఏందే, మంచిగ లేదా?" అని ఇంకా గట్టిగా కొట్టాడు. నవ్వి నవ్వి కడుపు పట్టుకుని బెంచీ మీద కూలబడ్డాను. పాటలవాళ్లు ఒక్కొక్కరే వచ్చి గుమ్మంలో నిలబడి చూస్తున్నా ఆయన ఆపలేదు. నేనూ ఆపమనలేదు.